ఫార్మాట్ కొడితే హార్డ్ డిస్క్ అరుగుతుందా? ముందు అన్నిసార్లు ఎందుకు కొట్టాల్సి వస్తోందో చూడండి

పలాస నుంచి ఒకాయన జీడిపప్పు అట్టపెట్టెలో సీపీయూ పెట్టుకుని బస్సులో శ్రీకాకుళంలో సిస్టమ్‌లు రిపేరు చేసే నా దగ్గరకి వచ్చారు. కొట్టు లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. ఏడాదిలో నాలుగుసార్లు ఫార్మాట్ కొట్టించారట. పెట్టెను బల్ల మీద దించుతూనే, "మల్లీ ఫార్మాటంటే వద్దు బాబూ. ఇన్నిసార్లు కొడితే డిస్కు అరిగిపోదేటి?" అన్నారు.

అరగదు. కానీ ఏడాదికి నాలుగుసార్లు ఫార్మాట్ అవసరమైందంటే డిస్కో, కేబులో, కరెంటో ఏదో ఒకటి సరిగా లేదని అర్థం. అది తేలకుండా ఐదోసారి విండోస్ ఎక్కించినా మళ్ళీ నెలకి అదే పని.

ఫార్మాట్‌లో జరిగేది ఇదీ

క్విక్ ఫార్మాట్ అంటే పుస్తకంలో విషయసూచిక చించేసి కొత్తది అతికించడం లాంటిది. లోపలి పేజీలు అలాగే ఉంటాయి. డిస్క్ మీద రాసేది చాలా కొంచెం. విండోస్ ఎక్కించేటప్పుడు జరిగేది కూడా ఇదే. క్విక్ దగ్గర టిక్ తీసేస్తే ఫుల్ ఫార్మాట్ అవుతుంది. విస్టా నుంచి ఇటు వచ్చిన విండోస్‌లన్నీ ఇందులో డిస్క్ మొత్తం మీద సున్నాలు రాసుకుంటూ పోతాయి. ఎక్స్‌పీ రోజుల్లో చదివి చూసేది, అంతే. ఒక టీబీ హార్డ్ డిస్క్‌కి రెండు మూడు గంటలు, పాతదైతే ఇంకా ఎక్కువ పడుతుంది.

హార్డ్ డిస్క్‌లో పళ్ళెం నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంది. రాసే హెడ్ దానికి తగలదు, సన్నని గాలి పొర మీద తేలుతుంది. రాత అయస్కాంతంతో జరుగుతుంది కాబట్టి గీసుకోవడం, అరగడం ఉండదు. డిస్క్‌ని తినేవి వేరే ఉన్నాయి: వేడి, కుదుపు, నడుస్తుండగా కరెంటు పోవడం, ఏళ్ళ తరబడి తిరిగిన మోటారు. ఫుల్ ఫార్మాట్ ఆ రెండు మూడు గంటలు డిస్క్‌ని ఆపకుండా పని చేయిస్తుంది. గట్టి డిస్క్‌కి అదో లెక్క కాదు. ఇప్పటికే కొన ఊపిరితో ఉన్న డిస్క్ మాత్రం ఆ మధ్యలోనే చచ్చిపోవచ్చు. ఫార్మాట్ చంపేసిందన్న మాట ఇలాంటి సందర్భాల్లోంచే పుట్టింది.

తిరిగే పళ్ళెం లేకుండా చిప్‌లలో రాసుకునే డిస్క్, అంటే ఎస్ఎస్‌డీ, సంగతి వేరు. అందులో సెల్స్ రాసినకొద్దీ నిజంగానే అరుగుతాయి. అయినా లెక్క వేసి చూడండి: 250 జీబీ డిస్క్‌కి కంపెనీ 150 టీబీ రాతకు హామీ ఇచ్చిందంటే, డిస్క్ మొత్తాన్ని 600 సార్లు నింపవచ్చన్నమాట. క్విక్ ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కిస్తే అందులో ఓ ముప్పై జీబీ పోతుందేమో. ఎస్ఎస్‌డీకి ఫుల్ ఫార్మాట్ మాత్రం అనవసరం, కొట్టకండి.

లక్షణం: ఫార్మాట్ కొట్టిన కొత్తలో బాగుంటుంది, కొన్ని వారాలకే ఫోల్డర్లు తెరుచుకోక బిగుసుకుపోతుంది

పలాస సీపీయూది ఇదే జబ్బు. డిస్క్ తీసి నా సిస్టమ్‌కి రెండో డిస్క్‌గా తగిలించి, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో తెరిచాను. ఇది ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రామ్, ఇంట్లో మీరూ చూసుకోవచ్చు. పైన నీలం రంగులో ఉండాల్సిన గడి పసుపులో ఉంది. కింద సీ5 అనే వరుసలో, చివరి గడిలో 1ఏ8 అని కనిపించింది. ఈ ప్రోగ్రామ్ అంకెల్ని మామూలు పదుల లెక్కలో కాకుండా హెక్సాలో, అంటే పదహార్ల లెక్కలో చూపిస్తుంది. 1ఏ8 అంటే 424. అంటే 424 సెక్టార్లు (డిస్క్ మీద డేటా రాసుకునే చిన్న చిన్న గళ్ళు) చదవడానికి డిస్క్‌కి చేతకావడం లేదు.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. చదవలేని సెక్టార్‌ని డిస్క్ వెంటనే వదిలేయదు. పెండింగ్‌లో పెట్టుకుంటుంది. దాని మీద మళ్ళీ ఏదైనా రాసినప్పుడు పరీక్షించుకుంటుంది. నిలబడితే లిస్టులోంచి తీసేస్తుంది, లేకపోతే దాచి ఉంచిన స్పేర్ సెక్టార్‌ని ఆ స్థానంలో వాడుకుని 05 వరుసలో లెక్క పెంచుతుంది. ఫుల్ ఫార్మాట్ అంతటా సున్నాలు రాస్తుంది కాబట్టి ఒక్క దెబ్బకి పెండింగ్ లెక్క తగ్గిపోతుంది, సిస్టమ్ కొత్తదానిలా పరిగెడుతుంది. "ఫార్మాట్ కొట్టాక బాగైంది" అని అందరూ అనుకుంటారు. లోపల పాడవుతున్న చోటు మాత్రం పాడవుతూనే ఉంటుంది, నెలకి కొత్త సెక్టార్లు పోతాయి. ఆయన నాలుగుసార్లు డబ్బు కట్టింది ఈ నెల రోజుల ఊరట కోసమే. అది తలుచుకుంటే నాకు బాధేసింది. మొదటిసారే ఎవరైనా ఆ పసుపు గడి చూపించి ఉంటే సరిపోయేది.

ఏం చేయాలి: ఫార్మాట్ కాదు, రిపేర్ కాదు, ముందు కాపీ. డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ చెక్ డిస్క్ కూడా అప్పుడే నడపకండి, చావబోయే డిస్క్‌కి అది పెద్ద బరువు. వేరే సిస్టమ్‌కి తగిలించి, ముందు లెక్కలు, కాగితాలు, ఫొటోలు తీసుకోండి. సినిమాలు ఆఖర్న చూసుకోవచ్చు. ఏదైనా ఫైలు దగ్గర ఆగిపోతే దాన్ని వదిలి ముందుకెళ్ళండి. కాపీ అయ్యాక కొత్త డిస్క్ వేయండి. పాతది ఎంత బాగైనట్టు కనిపించినా ముఖ్యమైనవేవీ అందులో పెట్టకండి. లోపల టక్ టక్ అని ఆగకుండా శబ్దం వస్తూ డిస్క్ అసలు కనిపించకపోతే వెంటనే ఆపేయండి. డేటా నిజంగా కావాలంటే రికవరీ చేసేవారికి ఇవ్వండి. మూత మాత్రం ఎవరినీ విప్పనివ్వకండి.

లక్షణం: డిస్క్ ఒకసారి కనిపిస్తుంది, ఒకసారి కనిపించదు

సీ7 వరుస చూడండి. అది డిస్క్‌కి, మదర్‌బోర్డుకి మధ్య దారిలో వచ్చే తప్పుల లెక్క. 05, సీ5 సున్నా ఉండి సీ7 పెద్దగా ఉంటే ముందు ఆ రెంటినీ కలిపే సాటా కేబుల్‌ని అనుమానించాలి. కొత్త కేబుల్ వేయండి, ఎక్కువ ఖర్చు కాదు. సీ7 అంకె ఎప్పటికీ తగ్గదు కాబట్టి పాత అంకె రాసిపెట్టుకుని, వారం తర్వాత పెరిగిందో లేదో చూడండి. భావనపాడు, కళింగపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళ నుంచి వచ్చే సిస్టమ్‌లలో కనెక్టర్ల మీద ఉప్పుగాలికి పట్టిన పచ్చటి మడ్డి తరచూ చూస్తుంటాను.

లక్షణం: కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆటోమేటిక్ రిపేర్ అంటూ తిరుగుతుంది

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం మీద పడ్డాక చాలా ఊళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు. వచ్చాక కూడా వస్తూ పోతూ ఉండేది. ఆ నెలల్లో నా దగ్గరకి వచ్చిన సిస్టమ్‌లు ఎక్కువ ఇవే. రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్ళ చిట్టా చెదిరిపోతుంది. ఆ క్షణంలో హెడ్ కూడా నెమ్మదిగా కాకుండా విసురుగా పక్కకి తప్పుకోవాల్సి వస్తుంది, ఈ అలవాటు డిస్క్‌కి మంచిది కాదు. సీ5 సున్నా అని చూసుకున్నాక డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో టూల్స్, అందులో చెక్ నొక్కండి. చాలాసార్లు ఇంతటితో సర్దుకుంటుంది. యూపీఎస్ ఉన్నా ఇలాగే అవుతుంటే బ్యాటరీ అయిపోయిందని అర్థం. ప్లగ్ తీసి చూడండి, సిస్టమ్ షట్‌డౌన్ చేసుకునేంతసేపైనా నిలబడాలి. ఈ పరీక్ష ఏ పనీ తెరిచి లేనప్పుడే చేయండి.

లక్షణం: డిస్క్ బాగానే ఉంది, అయినా కొత్త విండోస్ నత్తలా నడుస్తుంది

టాస్క్ మేనేజర్‌లో డిస్క్ కాలమ్ చూడండి. ఏ పనీ చేయకపోయినా చాలాసేపు 100 శాతం దగ్గరే ఉంటే, విండోస్ 10 పాత హార్డ్ డిస్క్ మీద పడే అవస్థ అది. ఫార్మాట్‌తో పోదు. సి డ్రైవ్‌ని ఎస్ఎస్‌డీకి మార్చి, పాత డిస్క్ ఆరోగ్యంగా ఉంటే డి డ్రైవ్‌గా వాడుకోండి.

ఫార్మాట్ కొట్టినా అదే వైరస్ తిరిగొస్తుంటే అది డి డ్రైవ్‌లోనో, మీరు వెంటనే పెట్టిన పెన్‌డ్రైవ్‌లోనో ఉంది. ముందు వాటిని స్కాన్ చేయండి.

"లో లెవెల్ ఫార్మాట్ కొడితే బ్యాడ్ సెక్టార్లు పోతాయి" అని ఎవరైనా అంటే డబ్బు ఇవ్వకండి. నిజమైన లో లెవెల్ ఫార్మాట్ ఇప్పుడు ఫ్యాక్టరీలోనే జరుగుతుంది. ఆ పేరుతో చేసేదల్లా సున్నాలు రాయడమే.

ఇక ఫార్మాట్ తప్పనిసరైతే, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ మూడూ సి డ్రైవ్‌లోనే ఉంటాయని గుర్తుంచుకోండి. "నా సామానంతా డి లోనే ఉంది" అన్నవాళ్ళు చాలామంది డెస్క్‌టాప్ మీది ఫోల్డర్లు పోగొట్టుకున్నారు. పలాస ఆయన మూడోసారి ఫార్మాట్‌లో పోయిన రెండు నెలల బిల్లులు కూడా అలా పోయినవే. వాటిని మాత్రం నేను తేలేకపోయాను.