కొండల్లో పాత పాకలు చూడ్డానికి వెళ్తున్నారా?

వానలు వెనకబట్టి కార్తీకం వచ్చిందంటే కోనసీమ, రాజమండ్రి కుర్రాళ్ల చూపు మారేడుమిల్లి వైపు మళ్లుతుంది. రోడ్డు పక్క జలపాతాలు చాలవు, లోపల కొండరెడ్డి గిరిజనులు పోడు చేల కాపలాకి వేసుకున్న పాత పాకల దాకా నడవాలంటారు. వెళ్లండి. కాకపోతే చేలగట్ల మీద ఎంత తిరిగినా కొండ నడక రాదండి. ఎక్కేటప్పుడు ఆయాసమే, కాళ్లు జారేది దిగేటప్పుడు.

దగ్గర్లోని ఊళ్లో ఒక మనిషిని వెంటబెట్టుకోండి, కూలి ముందే మాట్లాడుకోండి. అటవీ శాఖ అనుమతి లేకుండా పాపికొండల నేషనల్ పార్కులో అడుగుపెడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. ఏ బాట ఎక్కడ హద్దు దాటుతుందో అతనికి తెలుసు. మనం పాడుబడిందనుకున్న పాక పంట వేళకి మళ్లీ మనుషులొచ్చేదే కావచ్చు. జీలుగు చెట్టుకి కట్టిన కల్లుకుండా అంతే, ఎవరిదో ఒకరిది.

అసలు భయం పాకలోనే. తడిక తోసి గభాల్న దూరకండి. కర్రతో రెండు దెబ్బలు కొట్టి, కాసేపు ఆగి, టార్చి వేసి ముందు చూరు, ఆనక మూలలు చూడండి. గింజల కోసం ఎలుకలు, ఎలుకల కోసం పాములు చేరతాయి. కట్లపాము నిద్రలో ఉన్నవాళ్లని కాటేస్తే నొప్పీ వాపూ పెద్దగా తెలియవు, తెల్లారేసరికి రెప్పలు వాలిపోతుంటాయి. అందుకే నేల మీద పడకే వద్దు. కాటు పడితే కోయడం, తాడు బిగించడం, నోటితో పీల్చడం చెయ్యకండి. కాలు కదలకుండా బద్ద కట్టి, నడిపించకుండా మోసుకుని దించండి. సిగ్నల్ ఎక్కడ పోయిందో వెళ్లేటప్పుడే గుర్తుపెట్టుకుంటే 108కి ఫోను అక్కణ్ణుంచి చేయొచ్చు.

వాగు సంగతి వేరు. పైన వాన పడితే మన నెత్తిన ఎండ ఉండగానే పొంగుతుంది. తేట నీళ్లు ఎర్రబడి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తే చెప్పులు కూడా వదిలేసి గట్టెక్కండి. గోదావరి ఈదామన్న ధీమా బండల మధ్య పనికిరాదు. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి జలతరంగిణి జలపాతం దగ్గర వైద్య విద్యార్థులు కొట్టుకుపోయింది ఇలాంటి ఉద్ధృతిలోనే.

తిరిగొచ్చాక కొన్ని వారాల్లోపు చలిజ్వరం వస్తే పారాసెటమాల్ మింగి ఊరుకోకండి. ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకి మీరే చెప్పి, ఆ రోజే మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి. అక్కడి మలేరియాలో మెదడుకెక్కే రకం కూడా ఉంది.