ఒళ్లు మెత్తగా ఉండే ఆటిజం పిల్లల చేత వ్యాయామం ఎలా చేయించాలి

కూర్చుంటే గోడకి చేరగిలబడటం, రాసేటప్పుడు తలకి చెయ్యి ఆనించుకోవడం, నాలుగు మెట్లెక్కగానే చతికిలబడటం బద్ధకం కాదు. కదలకుండా ఉన్నప్పుడు కూడా కండరంలో కాస్త బిగువుండాలి. అది తక్కువైతే నిటారుగా కూర్చోవడానికే ఓపికంతా అయిపోతుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఈ ఇబ్బంది ఉంటుంది. వ్యాయామంతో బిగువు పెద్దగా మారకపోవచ్చు. బలం, ఓర్పు మాత్రం పెరుగుతాయి.

ఒకేసారి అరగంట వద్దు. 3 నుంచి 5 నిమిషాల చొప్పున రోజుకి నాలుగైదుసార్లు చేయించండి.

అన్నిటికన్నా చేతుల మీద నడక మంచిది, తప్పులు జరిగేదీ ఇందులోనే. పిల్లాణ్ణి బోర్లా ఉంచి, అరచేతులు నేలకి ఆనించి, మొదట తొడల దగ్గర పట్టుకుని కాళ్లు పైకెత్తండి. వాడు చేతులతో ముందుకి నడవాలి. చీలమండలు పట్టుకుంటే మధ్య శరీరం బరువంతా వాడి మీదే పడి, పొట్ట కిందికి జారి నడుం ఉయ్యాలలా వంగిపోతుంది. అలా వంగిందంటే అలిసిపోయినట్టే, వెంటనే దించేయండి. నాలుగడుగులు సరిగ్గా పడితే ఆ పూటకి చాలు. పది అడుగులు తేలిగ్గా వేస్తున్నప్పుడు మోకాళ్ల దగ్గరికి మారండి. మోచేతులు వెనక్కి విరుచుకుపోతుంటే బరువు మోస్తున్నది కండరం కాదు, కీలు. మోచెయ్యి కొంచెం వంచాలని మీరు చేసి చూపించండి. ముట్టుకుంటే గింజుకునే పిల్లలకి, చెయ్యి పట్టుకుని వంచడం కన్నా ఇలా చూపించడమే నయం.

ఇది కుదరని రోజు గోడని తోయించండి: అడుగు దూరంలో నిలబెట్టి, అరచేతులు భుజాల ఎత్తున ఆనించి, 5 నుంచి 8 సార్లు. పుస్తకాలు నింపిన అట్టపెట్టెని నేల మీద నెట్టించినా మంచిదే.

ఎన్నిసార్లు చేయాలో కంటికి కనపడాలి. ఐదు పూసలు పెట్టి, ఒక్కోసారికి ఒకటి డబ్బాలో వేయించండి. ఐదూ అయ్యాక "ఇంకొక్కటి" అనకండి. ఒక్కసారి అన్నా రేపు మొదటి పూసే ముట్టుకోడు.

కుర్చీలో కూర్చున్నప్పుడు పాదాలు నేలకి ఆనాలి, అందకపోతే కింద పీట వేయండి. కీళ్లు వదులుగా ఉంటే సాగదీసే వ్యాయామాలు చేయించకండి.

వచ్చిన పనులు మర్చిపోతున్నా, ఒక పక్కే బలం తగ్గినా, మింగేటప్పుడు పొలమారుతున్నా, నేల మీంచి లేవడానికి చేతులతో తొడల్ని పట్టుకుని పాక్కుంటూ లేస్తున్నా, వ్యాయామం ఆపి ముందు పిల్లల డాక్టరుకి చూపించండి.