స్క్రీన్ రీడర్ గొంతు కలవకుండా పాఠం రికార్డు చేయడం ఎలా?

పోటీ పరీక్షలకు చదువుకుంటున్న చూపులేని పిల్లల కోసం కొందరు తెలుగు అకాడమీ పుస్తకాలు చదివి రికార్డు చేస్తుంటారు. వాటిని సరిచేసే పని నాది. చదివేవాళ్ళలో చాలామందికి నాలాగే చూపు లేదు. బ్రెయిల్ మీద వేళ్ళు పెట్టి ఎంతో శ్రద్ధగా చదువుతారు. తీరా ఫైలు తెరిస్తే, కాకతీయుల చెరువుల గురించి చెబుతున్న చక్కటి గొంతు వెనక స్క్రీన్ రీడర్, అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, సన్నగా ట్రాక్ నంబర్లు చదువుతూ ఉంటుంది. ఒకసారి కలిసిపోయిన గొంతును శుభ్రంగా విడదీయడం నా వల్ల కాదు. ఆ పేజీ మళ్ళీ చదవాల్సిందే. గంటల కష్టం ఇలా పోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

కావలసినవి: విండోస్ ల్యాప్‌టాప్, మైకు, యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే చిన్న పెట్టె), చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్, వైరున్న మామూలు ఇయర్‌ఫోన్. బ్లూటూత్ వద్దు. కీ నొక్కాక మాట ఆలస్యంగా వినబడుతుంది. ఇంటర్‌ఫేస్ కొనేటప్పుడు గెయిన్ నాబ్ (మైకు శబ్దాన్ని పెంచి తగ్గించే మీట) తిప్పి చూడండి, రెండు వైపులా ఒకచోట ఆగాలి. ఆగకుండా గుండ్రంగా తిరిగేదీ, తాకితే పనిచేసే తెరలున్నదీ మనకు పనికిరావు. సరైన స్థాయి దొరికాక నాబ్ అంచున ఒక బొట్టుబిళ్ళ అంటించండి. రేపు వేలు పెట్టగానే తెలుస్తుంది.

సాఫ్ట్‌వేర్: ఎన్‌వీడీఏ (స్క్రీన్ రీడర్), రీపర్ (రికార్డు చేసి సరిచేసేది), ఒసారా (రీపర్‌లో జరిగేది స్క్రీన్ రీడర్‌తో చెప్పించే అనుబంధం), ఇదే వరుసలో వేసుకోండి. ఎన్‌వీడీఏ, ఒసారా ఉచితం. రీపర్‌ను 60 రోజులు వాడి చూడవచ్చు, ఆ తర్వాత వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. ఒసారా వేసేటప్పుడు, పాత కీమ్యాప్ (ఏ కీ ఏ పని చేయాలో చెప్పే పట్టిక) తీసేసి తనది పెట్టమంటారా అని అడిగే గడికి టిక్ పెట్టండి. ఇది పెట్టకుండా తర్వాత "మీరు చెప్పిన కీలు పనిచేయడం లేదు" అని ఫోన్ చేసేవాళ్ళు చాలామంది.

రీపర్ బదులు ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చాలదా అని అడుగుతారు. పది నిమిషాల ప్రసంగంలో ఒక దగ్గు తీసేయడానికి చాలు. మూడు వందల పేజీల పుస్తకానికి రీపరే వాడాలి. ఎన్‌వీడీఏను 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన మైకేల్ కరన్, తర్వాత ఆయనతో కలిసిన జేమ్స్ టే ఇద్దరూ చూపులేనివాళ్ళే. ఒసారాను రాసింది ఆ జేమ్స్ టేనే. ట్రాక్ మారినా, కర్సర్ కదిలినా మనకు ఎంత చెప్పాలో అంతే చెబుతుంది. ఆ అవసరం తనకే ఉన్నవాడు చేసిన పని అది.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. దయచేసి ఇక్కడ తొందరపడకండి.

ఇంటర్‌ఫేస్ తగిలించగానే విండోస్ చాలాసార్లు దాన్నే డీఫాల్ట్ సౌండ్ పరికరంగా చేసేస్తుంది. ఎన్‌వీడీఏ కూడా డీఫాల్ట్‌నే పట్టుకుని ఉంటే దాని గొంతూ ఇంటర్‌ఫేస్‌లోకి పోతుంది. అప్పటి నుంచి మూడు ప్రమాదాలు. కొన్ని ఇంటర్‌ఫేస్‌లలో లూప్‌బ్యాక్ ఉంటుంది, అది కంప్యూటర్ శబ్దాన్ని మళ్ళీ రికార్డింగులోకే తిప్పి పంపుతుంది. రెండోది, హెడ్‌ఫోన్ నుంచి కారిన మాట మైకులో పడుతుంది. మూడోది అన్నిటికంటే భయపెట్టేది: రీపర్ ఏసియో డ్రైవర్‌తో (ఆలస్యం లేకుండా ఇంటర్‌ఫేస్‌తో నేరుగా మాట్లాడే సాఫ్ట్‌వేర్) పరికరాన్ని పట్టుకున్నప్పుడు స్క్రీన్ రీడర్ ఒక్కసారిగా మూగబోవచ్చు.

మూగబోతే కంగారుపడి కీలన్నీ నొక్కకండి. యూఎస్‌బీ వైరు పీకండి, కాస్త ఆగండి, కంట్రోల్, ఆల్ట్, ఎన్ నొక్కితే ఎన్‌వీడీఏ మళ్ళీ మొదలవుతుంది.

అసలు అంతదాకా రానివ్వకూడదు. ఎన్‌వీడీఏ సెట్టింగుల్లో ఆడియో విభాగానికి వెళ్ళి, అవుట్‌పుట్ పరికరం దగ్గర డీఫాల్ట్ అన్నది వదిలేసి, ల్యాప్‌టాప్ సొంత స్పీకర్‌ను పేరుతో ఎంచుకోండి. ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, సీ నొక్కి భద్రపరచండి. తర్వాత విండోస్ సౌండ్ ప్యానెల్ తెరిచి, ప్లేబ్యాక్ ట్యాబ్‌లో కూడా ల్యాప్‌టాప్ స్పీకర్‌నే డీఫాల్ట్ చేయండి. ఇది మరిచిపోతే మెయిల్ వచ్చిన గంట పాఠంలో పడుతుంది. ఇప్పుడు రీపర్‌లో కంట్రోల్ పీ, ఆడియో, డివైస్. అక్కడ ఏసియో ఎంచుకుని, మీ ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన డ్రైవర్‌ను పెట్టండి. శాంపిల్ రేటు 48000. వేరే అంకె వద్దు.

ఇప్పుడు కంప్యూటర్ మాట ఒక దారిన, మీ గొంతు ఇంకో దారిన పోతాయి. ల్యాప్‌టాప్‌కు తగిలించిన ఇయర్‌ఫోన్ ఎడమ చెవిలో పెట్టుకుని, దాని మీద నుంచి ఇంటర్‌ఫేస్ హెడ్‌ఫోన్ పెట్టుకోండి. ఎన్‌వీడీఏ శబ్దం మీకు అర్థమయ్యేంత తక్కువలో ఉంచండి. ఎన్‌వీడీఏ గొంతు, దానితో పాటే వచ్చే ఈస్పీక్ అయి ఉండాలి. తీయగా లేదని చాలామంది వదిలేస్తారు, కానీ కీ నొక్కగానే పలికేది అదే.

పాఠం మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష ప్రతిసారీ చేయండి. కంట్రోల్ టీతో ట్రాక్ తెరిచి, ఎఫ్7తో ఆర్మ్ చేసి (రికార్డింగుకు సిద్ధం చేసి), కంట్రోల్ ఆర్ నొక్కండి. మీరు మాట్లాడకుండా అర నిమిషం బాణం కీలు నొక్కుతూ ఎన్‌వీడీఏను మాట్లాడించండి. ఆపి, శబ్దం బాగా పెంచి వినండి. నిశ్శబ్దం, మీ ఊపిరి, కీల చప్పుడు తప్ప ఇంకేమీ ఉండకూడదు. కంప్యూటర్ గొంతు వినబడితే గెయిన్ నాబ్‌ను సున్నాకు తిప్పి అదే పరీక్ష మళ్ళీ చేయండి. ఇప్పుడు పోయిందంటే అది గాలిలో కారుతున్న మాట: ఇయర్‌ఫోన్ శబ్దం తగ్గించండి, మైకును దగ్గరికి జరిపి గెయిన్ తగ్గించండి. సున్నాలో కూడా వినబడుతోందంటే లోపలి దారిలోనే కలుస్తోంది: ట్రాక్ ఇన్‌పుట్ మోనో, ఇన్‌పుట్ 1 అయి ఉందో లేదో చూడండి, లూప్‌బ్యాక్ ఆపండి.

ఇదంతా ఎందుకు, రికార్డింగు సేపు స్క్రీన్ రీడర్‌నే ఆపేస్తే పోలేదా అని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. నాకు తెలిసిన ఒకావిడ అలాగే ఆపేసి గంటన్నర చదివింది. కంట్రోల్ ఆర్ నొక్కినప్పుడు వేరే విండో ముందుకొచ్చి ఉందని ఆమెకు తెలిసే దారే లేదు. ఒక్క మాట రికార్డు కాలేదు. చూపున్నవాళ్ళు తెర మీద గీత కదలడం చూస్తారు. మనకు ఆ గీత స్క్రీన్ రీడరే. పేరా మధ్యలో ఆగి కంట్రోల్, షిఫ్ట్, జే నొక్కితే రికార్డవుతోందో లేదో చెవిలో చెబుతుంది.

మిగతాది తేలికే. సీలింగ్ ఫ్యాను ఆపండి. మీ గొంతును రీపర్ గుండా తిరిగి వినిపించే మానిటర్‌ను ఎఫ్8తో ఆపేసి, ఇంటర్‌ఫేస్ నేరుగా వినిపించే డైరెక్ట్ మానిటర్‌లోనే వినండి. శబ్దం ఎక్కువలో ఎక్కువ మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు, ఒసారా పీక్ వాచర్ అది చెబుతుంది. తడబడితే ఆపకండి, చిటికె వేసి ఆ వాక్యాన్ని మొదటి నుంచి చదవండి, తర్వాత వెతకడం సులువు. ఏ కీ ఏం చేస్తుందో మరిచిపోతే ఎఫ్12 నొక్కాక ఏ కీ నొక్కినా దాని పని చదువుతుంది. చూడటం అయ్యాక మళ్ళీ ఎఫ్12 నొక్కడం మరవకండి.

చివరికి ఫైలు తయారుచేయడానికి కంట్రోల్, ఆల్ట్, ఆర్. ఎంపీ3, మోనో, 64 కేబీపీఎస్ చాలు, పిల్లల ఫోన్లు నిండిపోవు. ఫైలు పేరు ముందు 01, 02 అని రెండంకెలు పెట్టండి. ఉత్త 1, 2 అని పెడితే చాలా ప్లేయర్లలో పదో పాఠం రెండో పాఠం కంటే ముందు మోగుతుంది.