దివ్యాంగులతో పనిచేసే ఉద్యోగంలోకి ఎలా వెళ్లాలి? నెల్లూరు, ప్రకాశం వాళ్ల కోసం

ఇంటర్ అయిపోగానే మన వైపు ఇళ్లలో వినిపించేవి మూడే: ఎంసెట్, డిగ్రీ, కాదంటే డీఎడ్. ఆ డీఎడ్‌లోనే స్పెషల్ ఎడ్యుకేషన్ అని వేరే కోర్సు ఉందని చాలామందికి తెలీదు. తెలిసినవాళ్లు కూడా ‘సేవ’ అనేసి వదిలేస్తారు. ఇది సేవ కాదు, నేర్చుకుని చేసే పని. అందుకే అప్లికేషన్ కంటే ముందు చేయాల్సింది ఒకటుంది.

ముందు నాలుగు రోజులు వెళ్లి కూర్చోండి

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. మీ దగ్గర్లో ఎక్కడుందో ఎంఈవో ఆఫీసులో అడిగితే చెబుతారు. పర్మిషన్ తీసుకుని వెళ్లండి.

నేను వెళ్లిన రోజు పదకొండేళ్ల పిల్లాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పుతున్నారు. టీచరమ్మ గుండీని కాజాలోకి ముప్పాతిక దాకా దూర్చి వదిలేసింది. పిల్లాడు అవతలి వైపు నుంచి లాగితే చాలు. వాడి వేళ్లు రెండుసార్లు జారాయి. పక్కనే ఉన్న వాళ్ల నాయనమ్మ ‘నేను పెడతాలే నాయనా’ అని చెయ్యి చాపింది. టీచరమ్మ ఆ చేతిని మెల్లగా పక్కకు జరిపింది. మూడోసారికి గుండీ బయటికొచ్చింది. వారం తర్వాత సగం దాకానే దూరుస్తారట, ఆ తర్వాత అసలు ముట్టుకోరట. చివరి అడుగు ముందు నేర్పితే పని పూర్తిచేసింది ప్రతిసారీ పిల్లాడే అవుతాడు, అదీ కిటుకు.

ఆ మూడు ప్రయత్నాలు చూస్తూ మీ చెయ్యి కూడా ముందుకు రాబోయిందా? కంగారేం లేదు, అందరికీ వస్తుంది. ఆపుకోవడం కోర్సులో నేర్పుతారు. విసుగు పుట్టిందా? అయితే ఇంకో లైన్ చూసుకోండి.

కోర్సు ఎంచుకోవడం

ఇంటర్‌తో అయితే రెండేళ్ల డీఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్. డిగ్రీ చేసినవాళ్లకు బీఎడ్ స్పెషల్. రెండింటికీ మామూలుగా 50 శాతం మార్కులు అడుగుతారు. మేధో వైకల్యం, వినికిడి, చూపు ఇలా ఏదో ఒక విభాగం తీసుకోవాలి. సీటు ఎక్కడ దొరికితే అది తీసుకోకండి, రేపు మీరు పనిచేసేది ఆ పిల్లలతోనే.

సైన్స్ గ్రూపు వాళ్లకు మాట, వినికిడి చికిత్స నేర్పే బీఏఎస్‌ఎల్‌పీ ఉంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం దీన్ని నడుపుతోంది. అక్కడే నీపిడ్ కూడా ఉంది, మేధో వైకల్యానికి సంబంధించిన జాతీయ సంస్థ. దాని ఆధ్వర్యంలోనే నెల్లూరులో సీఆర్‌సీ (దివ్యాంగుల సంయుక్త ప్రాంతీయ కేంద్రం) నడుస్తోంది. అంటే మొదటి ఎంక్వైరీకి రైలెక్కక్కర్లేదు. ఫిజియోథెరపీ మీద మనసుంటే తిరుపతి స్విమ్స్ దగ్గర.

చికిత్స కాదు, ఊళ్లో మనుషులతో పని ఇష్టం అనుకుంటే డిగ్రీ తర్వాత ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చేయండి. నా ఓటు దీనికే. పిల్లాడికి డబ్బులు లెక్కపెట్టడం నేర్పితే సగం పని అయినట్టు. అంగడాయన ‘మీ అమ్మను పంపించు పో’ అనకుండా, చిల్లర వాడి చేతికే ఇచ్చేట్టు చేయడం మిగతా సగం. ఆ సగానికి మనుషులు తక్కువ.

ఫీజు కట్టేముందు ఆర్‌సీఐ చూడండి

మా పిన్ని కూతురు ఒక ప్రైవేటు సంస్థలో ఏడాది ‘థెరపీ డిప్లొమా’ చేసింది. నలభై వేలు కట్టారు. సర్టిఫికెట్ మీద బంగారు రంగు ముద్ర కూడా ఉంది, ఆర్‌సీఐ గుర్తింపు మాత్రం లేదు. ఇంటర్వ్యూలో రిజిస్ట్రేషన్ నంబర్ అడిగితే గానీ సంగతి బయటపడలేదు.

ఆర్‌సీఐ అంటే భారత పునరావాస మండలి. 1992 చట్టం ప్రకారం స్పెషల్ టీచర్లు, స్పీచ్ థెరపిస్టుల్లాంటివాళ్లు దాని రిజిస్టర్‌లో పేరు నమోదు చేసుకోవాలి. లేకుండా పనిచేస్తే ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చని కూడా ఆ చట్టంలో ఉంది. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు, కోర్సు పేరు, ఏ సంవత్సరం దాకా అనుమతి ఉందో, మూడూ చూడండి. ఫిజియోథెరపీ దీని కిందికి రాదు, దానికి 2021 నాటి వేరే చట్టం ఉంది. మామూలు ఎంఎస్‌డబ్ల్యూకి ఆర్‌సీఐ గొడవ లేదు.

పుస్తకంలో లేనివి

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అవి ఎలాగూ చదువుతారు. వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం స్లాట్ ఎలా బుక్ చేయాలో, పింఛనుకు కావాల్సిన 40 శాతానికి ఒక్క శాతం తగ్గితే ఆ ఇంట్లో ఎంత టెన్షనో మాత్రం సచివాలయం దగ్గర ఒక పూట నిలబడితేనే తెలుస్తుంది.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు పనిచేయాలంటే ఫ్లోరైడ్ సంగతి తెలియాలి. నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు, కీళ్లు దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్. దేశంలో అది మొదట బయటపడింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఎద్దులు కీళ్లు బిగిసి నడవలేకపోతుంటే రైతులు కనిపెట్టారు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఎముకలకు పట్టాక వెనక్కి తగ్గేది కాదు. కింద కూర్చుని లేవలేని పెద్దాయనకు ఉపదేశాలు అక్కర్లేదు. మరుగుదొడ్డిలో కమోడ్, పక్క గోడకు పట్టుకునే రాడ్డు కావాలి.

బ్యాగులో ఒక టేపు పెట్టుకోండి. ర్యాంపు అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవుండాలి. మన బళ్లలో కొన్ని ర్యాంపులు జారుడుబల్లల్లా ఉంటాయి. కొలిచి, అంకె రాసి హెడ్మాస్టర్‌కి ఇస్తే మాట చెల్లుతుంది.

ఉద్యోగాలు

భవిత కేంద్రాల్లో ఈ పిల్లలకు నేర్పే ఐఈఆర్‌పీ (ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ రిసోర్స్ పర్సన్) పోస్టులు కాంట్రాక్టువి. స్పెషల్ టీచర్ల విషయంలో సుప్రీంకోర్టు 2021లో ఆదేశిస్తే, కేంద్రం 2022లో లెక్క చెప్పింది: ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు. రెగ్యులర్ పోస్టుల ఆశ దానిమీదే. టెట్ కూడా రాసి ఉంచుకోండి. ఇవి కాక పిల్లల్లో లోపాలను తొందరగా గుర్తించే డీఈఐసీలు, ప్రైవేటు థెరపీ సెంటర్లు, స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి. ప్రైవేటులో చేరేటప్పుడు రోజుకి ఎంతమంది పిల్లల్ని చూడాలో ముందే అడగండి, జీతం తర్వాత.

ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ శాశ్వతం అనుకోవద్దు, మధ్యమధ్యలో ట్రైనింగులకు వెళ్లి రెన్యువల్ చేయించుకోవాలి. ఆ సర్టిఫికెట్లన్నీ ఒకే ఫైల్లో పెట్టి, గడువు తేదీ అట్ట మీదే రాసుకోండి.