గుంజీళ్లకూ గురులఘువులకూ వారంలో చోటు చేసుకోవడం ఎలా

ముందు ఒక కాగితం తీసి, వారంలో మీ చేతిలో లేని గంటలన్నీ కొట్టివేయండి. బ్యాంకు ఉద్యోగం, మా అబ్బాయి క్యారేజీ, అత్తయ్యగారి మందులు, వంట పోగా నాకు మిగిలినవి రెండే: తెల్లవారుజామున ఐదున్నర నుంచి గంట, రాత్రి తొమ్మిదిన్నర తరువాత ముప్పావు గంట. అంతకుముందు ఒకసారి రోజూ గంట నడక, గంట ప్రోగ్రామింగ్, గంట పిల్లవాడితో అని పట్టిక వేసి వంటింట్లో అంటించాను. బుధవారానికల్లా దాని మీద పాల లెక్క రాసుకుంటున్నాం.

ఉదయం గంట ఒంటికి. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే అరగంట చొప్పున ఐదు రోజుల నడక. మాది రాజమహేంద్రవరం కనుక నేను గోదావరి గట్టు మీద నడుస్తాను. వేగానికి గడియారం అక్కర్లేదు. పక్కవారితో మాట్లాడగలగాలి, పద్యం ఎత్తుకుంటే మాత్రం ఊపిరి చాలకూడదు. మంగళ, శుక్రవారాల్లో ఇంటికి వచ్చాక పదేసి గుంజీళ్లు మూడు విడతలు, గోడకు చేతులు ఆనించి అన్నే దండీలు. బడిలో శిక్షగా తీసిన గుంజీళ్లను నలభై నాలుగేళ్లకు ఇష్టపడి తీస్తున్నాను.

ఒక రోజు తప్పితే వదిలేయండి. వానలకు మూడు రోజులు పోయాయని ఒకసారి ఆదివారం గంటన్నర నడిచాను. తరువాత రెండు రోజులు మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవలసి వచ్చింది.

రాత్రి ముప్పావు గంట ప్రోగ్రామింగ్‌కు, అదీ సోమ, మంగళ, గురువారాల్లో మాత్రమే. ఇక్కడ ముఖ్యమైనది ఏమి రాయాలన్నది. ఇంట్లో ఒకరికైనా పనికొచ్చేది ఎంచుకోండి. అప్పుడు తలుపు వేసుకుని కూర్చున్నారన్న మాట పడనక్కర్లేదు. మావాడు తొమ్మిదో తరగతి, ఛందస్సు దగ్గర తంటాలు పడుతున్నాడు. అందుకని పద్యపాదం ఇస్తే గురులఘువులు, అంటే పలకడానికి ఎక్కువ సేపు పట్టే అక్షరాలూ తక్కువ సేపు పట్టేవీ, గుర్తించే ప్రోగ్రాం పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మొదలుపెట్టాను.

మొదటి రాత్రే దెబ్బ తగిలింది. ‘అమ్మ’లో ఎన్ని అక్షరాలని అడిగితే పైథాన్ నాలుగు అంది. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూనికోడ్ పద్ధతిలో అ, మ, పొల్లు గుర్తు, మళ్లీ మ వేరువేరుగా ఉంటాయి మరి. కాబట్టి ముందు గుణింతపు గుర్తులనూ, సున్నానూ, విసర్గనూ వాటికి ముందున్న అక్షరానికి అతికించాలి. పొల్లు తరువాత హల్లు వస్తే దానినీ కలిపేయాలి. ఆ తరువాతే గురువు, లఘువు. దీర్ఘం, ఐ, ఔ, సున్నా, విసర్గ, చివర పొల్లు ఉంటే గురువు. సంయుక్తాక్షరానికి, ద్విత్వానికి ముందున్నదీ గురువే. నా ప్రోగ్రాం ‘మ్మ’ను గురువు చేసి ‘అ’ను లఘువుగా వదిలేసింది. మావాడు చూసి, “అమ్మా, ఇది నాకంటే మొద్దు” అన్నాడు. ఆ తప్పు వాడే పట్టుకున్నందుకు వాడికి నియమం శాశ్వతంగా వచ్చేసింది. నాకు దాని దిద్దుబాటు కంప్యూటర్ ముందు కాదు, మర్నాడు గట్టు మీద తోచింది. అందుకే నడకలో చెవుల్లో పాటలు పెట్టుకోను.

పదింపావుకు ఆపేయాలి, పని సగంలో ఉన్నా సరే. ఆపే ముందు ఫైలు చివర తరువాతి పని ఒక్క వాక్యం తెలుగులోనే రాయండి. నాది మొన్న “పాదం చివర సున్నా వస్తే ఏమవుతుందో చూడు” అని ఉంది. ఆ వాక్యం లేకపోతే గురువారం ముప్పావు గంటలో ఇరవై నిమిషాలు మంగళవారం ఏమి చేశానో గుర్తు చేసుకోవడానికే పోతాయి. శుక్ర, శనివారాల రాత్రుల్లో ఏమీ పెట్టుకోకండి. చుట్టాలు వస్తారు, గ్యాస్ అయిపోతుంది.

ఆదివారం కంప్యూటర్ తెరవను. పెసరట్లు పోస్తుంటే మావాడు ఉత్పలమాల పాదమొకటి చదువుతాడు. భ, ర, న, భ, భ, ర, వ అని అత్తయ్యగారు గణాలు వేళ్ల మీద లెక్క పెట్టి, ఇరవై అక్షరాలూ సరిపోయాయి కానీ పదో అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన పొత్తు, తప్పిందంటారు. నా ప్రోగ్రాంకు యతి ఇంకా రాదు. అట్లు అయ్యాక ఆవిడ పక్కన కూర్చుని యతిమైత్రి నియమాలు నోటుబుక్కులో రాసుకుంటున్నాను.