సీసా మీది బొమ్మ లేబుల్ చిరగకుండా తీయాలంటే

పలాస నుంచి తెచ్చిన జీడిపప్పు సీసాల మీద పాతకాలం పద్ధతిలో చేత్తో గీసిన బొమ్మ ఉంది. ఎర్రటి జీడిమామిడి పండు, దాని కింద వంకర తిరిగి వేలాడే గింజ. ఎంత ముచ్చటగా ఉందో! దాచుకుందామని గోటితో గీకితే సరిగ్గా గింజ దగ్గరే చిరిగింది. ప్రాణం ఉసూరుమంది.

రెండో సీసాకి ఇలా చేశాను. ఖాళీ సీసాని ముందు గోరువెచ్చని నీళ్లతో కడిగి, తర్వాత వేలు పెడితే చురుక్కుమనేంత వేడినీళ్లు మెడ దాకా పోశాను. లేబుల్ మాత్రం తడవకూడదు. 10 నిమిషాల్లో ఆ వేడికి జిగురు మెత్తబడుతుంది. పాత ఏటీఎం కార్డు అంచుతో ఒక మూల లేపి, మెల్లగా వెనక్కి మడుస్తూ లాగాలి. మధ్యలో బిగుసుకుంటే నీళ్లు మార్చి ఇంకో 5 నిమిషాలు ఆగండి, బలవంతం చేయొద్దు. ఊడిన వెంటనే తెల్ల అట్ట మీద అంటించేస్తే వెనక ఉన్న జిగురే సరిపోతుంది.

ఇది స్టిక్కర్ లేబుళ్లకే పనిచేస్తుంది. మైదా జిగురుతో అంటించిన కాగితం ఇలా రాదు. మరిగే నీళ్లు మాత్రం పోయకండి, సీసా పగులుతుంది.