వానలకు ముందే జల్లి: వాకిట్లో కంకర పరిచేవారికి లెక్కలు, జాగ్రత్తలు

చెన్నైలో ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబర్ 20 ప్రాంతంలో మొదలవుతాయి. కారు నిలిపే చోటుకో, పెరట్లో నడిచే బాటకో కంకర వేయించాలనుకుంటున్నవాళ్లు వినాయక చవితి వెళ్లగానే పని మొదలుపెట్టి దసరాకల్లా ముగించేయాలి. దీపావళి బోనస్ చేతికొచ్చాక చూద్దాం అనుకుంటే పని వానలో పడుతుంది. తవ్విన చోట నీళ్లు నిలుస్తాయి, అడుగునున్న బంకమట్టి మెత్తబడి వేసిన రాయినంతా మింగేస్తుంది. మడిపాక్కంలో మా ఇంటి ముందు జరిగింది అదే. రెండు యూనిట్ల రాయి, అంటే 200 ఘనపు అడుగులు, ఒక్క నవంబర్‌లో బురదలో కలిసిపోయింది. మళ్లీ తవ్వించి, మళ్లీ కొన్నాం.

మొదటి జాగ్రత్త మాట దగ్గరే ఉంది. మన నెల్లూరు, చిత్తూరు వైపు గ్రావెల్ అంటే ఎర్ర మొరం. చెన్నై లారీవాళ్లకు కూడా 'గ్రావల్' అంటే ఎర్రమట్టే. ఫోన్‌లో గ్రావెల్ పంపమంటే గేటు ముందు ఎర్రమట్టి కుప్ప పోసి వెళ్తారు, తప్పు వాళ్లది కాదు. మీరు అడగాల్సింది జల్లి. 20 మి.మీ. రాయి 'ముక్కాల్ జల్లి', 40 మి.మీ. రాయి 'ఒన్నరై జల్లి'. బ్లూ మెటల్ అన్నా ఇదే రాయి. పల్లావరం, సెయింట్ థామస్ మౌంట్ గుట్టల రాయికి చార్నకైట్ అని పేరు. 1893లో థామస్ హాలండ్ ఆ పేరు పెట్టాడు. కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధి రాయి కూడా ఇలాంటిదేనని అతని పేరే దీనికి వచ్చింది. నీలం కలిసిన బూడిద రంగు, గట్టి రాయి. లోడులో ఎర్రగా, చేత్తో నలిపితే పొడి రాలే ముక్కలు ఎక్కువగా కనిపిస్తే దించనివ్వకండి.

ఇక లెక్క. ఇక్కడ అమ్మకం యూనిట్లలో. యూనిట్ అంటే 100 ఘనపు అడుగులు, బరువులో నాలుగు నుంచి నాలుగున్నర టన్నులు. 30 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న కారు దారి 300 చదరపు అడుగులు. అడుగున ఒన్నరై జల్లి నాలుగు అంగుళాలు, పైన ముక్కాల్ జల్లి రెండు అంగుళాలు వేయాలి. అడుగు వరస 100 ఘనపు అడుగులు అనిపిస్తుంది కానీ, దిమ్మిస కొడితే వదులు రాయి కుదించుకుపోతుంది. నాలుగో వంతు అదనంగా, అంటే 125 చెప్పాలి. పై వరస 50, దానికి కాస్త కలిపి 55. మొత్తం 180, దాదాపు రెండు యూనిట్లు. చాలామంది ఎంచే బడ్జెట్ ఇంతటితో ఆగిపోతుంది. అసలు ఖర్చు మొదలయ్యేది ఇక్కడే.

ఆరు అంగుళాల రాయి పట్టాలంటే ఆరు అంగుళాల మట్టి తీయాలి. నేలలో అది 150 ఘనపు అడుగులే. పారతో పైకి తీసేసరికి గుల్లబారి 190 దాకా అవుతుంది. వచ్చే రాయి ఎంతో పోయే మట్టీ అంతే, ఇంకా చెప్పాలంటే కొంచెం ఎక్కువే. దాన్ని వీధిలో పోస్తే కార్పొరేషన్ జరిమానా వేస్తుంది. పక్కవాళ్ల కాలువలో పడితే మొదటి వానకే గొడవ. మట్టి తీసుకెళ్లే లారీ కిరాయి, కూలి, రాయి ధర పక్కనే రాసుకోండి. వాటి కింద ఇంకో నాలుగు పద్దులు: అంచుకు నాలుగు అంగుళాల సాలిడ్ బ్లాకులు, రాయి మట్టిలోకి దిగకుండా రెంటికీ మధ్య పరిచే జియోటెక్స్‌టైల్ గుడ్డ, దిమ్మిస కొట్టే యంత్రం (ప్లేట్ కంపాక్టర్) ఒకరోజు అద్దె, లారీ లోపలికి రాని ఇల్లైతే తట్టలతో మోసే కూలి. ఆ గుడ్డ డబ్బు దండగ అని మేస్త్రీ అంటాడు. మా మేస్త్రీ కూడా అన్నాడు, మేమూ విన్నాం. పల్లికరణై చిత్తడి చుట్టుపక్కల బంకనేలలో ఇల్లున్నవాళ్లు ఇంకెక్కడైనా మిగుల్చుకోండి గానీ దీని దగ్గర వద్దు. బెసంట్ నగర్, తిరువాన్మియూర్ వైపు ఇసుకనేల కాబట్టి నీరు త్వరగా ఇంకుతుంది, రాయి మునిగిపోయే భయం తక్కువ. అక్కడైతే అంచు గట్టిగా ఉండాలి, లేకపోతే రాళ్లు పక్కలకు జారిపోతాయి.

రేట్లు ఇక్కడ రాయడం లేదు, వారం తిరిగేలోగా మారతాయి కాబట్టి. 2025 ఏప్రిల్‌లో తమిళనాడులో ఖనిజాలున్న భూమిపై పన్ను అమల్లోకి రాగానే క్వారీలు, క్రషర్లు సమ్మెకు దిగాయి. ఆ నెలలో ఇల్లు కడుతున్నవాళ్లను అడిగితే తెలుస్తుంది జల్లి కోసం ఎంత అవస్థ పడ్డారో. అందుకే ముగ్గురిని అడగండి. అడిగేటప్పుడు కిరాయి, జీఎస్టీ, దించే కూలి అన్నీ కలిపి ఇంటి దగ్గరకు ఎంత అని అడగండి. ఒకాయన రాయి ధర తక్కువ చెప్పి కిరాయిలో రాబట్టుకుంటాడు. రెండు సైజులు కావాలంటే రెండు లారీలు రావాలి. చిన్న లోడుకైనా కిరాయి పెద్ద లోడంతా అవుతుంది. పక్కింటివాళ్లకూ ఏదైనా పని ఉంటే కలిసి తెప్పించుకోవడం మంచిది.

లోడు వచ్చాక దించకముందే టేపు పట్టండి. లారీ తొట్టి లోపలి పొడవు, వెడల్పు, రాయి నిండిన ఎత్తు అడుగుల్లో కొలిచి గుణించి 100తో భాగిస్తే యూనిట్లు. 10 అడుగులు, ఆరున్నర, మూడు అయితే 195, అంటే రెండు యూనిట్లకు ఐదు అడుగులు తక్కువ. మధ్యలో కుప్పగా కనిపించి మూలల్లో పల్లంగా ఉంటుంది, మూలల్లోనూ కొలవండి. సిగ్గుపడక్కర్లేదు, ఇక్కడ అందరూ కొలుస్తారు. వానలు పడ్డాక ఎంశాండ్ (రాయిని పిండి చేసి తీసే ఇసుక), క్వారీ డస్ట్ కొంటే ఇంకో మోసం తడిలోనే ఉంటుంది. కాస్త చెమ్మ తగిలిన ఇసుక పావు వంతుకు పైగా ఉబుకుతుంది, కాబట్టి కొలతలో కొన్నది ఎండితే తగ్గిపోతుంది. బరువుతో కొంటే నీళ్లకు కూడా డబ్బు కట్టినట్టే. ఎండగా ఉన్న రోజున తెప్పించండి.

ప్రాణం మీదికి వచ్చే జాగ్రత్తలు రెండున్నాయి, ఇవి మాత్రం మరచిపోవద్దు. చెన్నై ఇళ్లలో సంపు, అంటే నేలలోపలి నీళ్ల ట్యాంకు, చాలాసార్లు గేటు లోపలే, కారు దారి కిందే ఉంటుంది. రెండు యూనిట్ల రాయే తొమ్మిది టన్నుల దాకా ఉంటుంది, దానికి తోడు లారీ బరువు. ఆ స్లాబు మీదికి లారీని ఎక్కనివ్వకండి. డ్రైవర్ తొందరపెట్టినా సరే, వీధిలోనే దింపించండి. కూలి ఎక్కువైతే అవనీ. సంపు మూత ఎక్కడుందో ముందే సున్నంతో గుర్తు వేయించండి. రెండోది, తవ్వే ముందు ఈబీ (కరెంటు బోర్డు) కేబుల్, మెట్రో వాటర్ (నగర నీటి సంస్థ) పైపు ఎటునుంచి వస్తున్నాయో ఇల్లు కట్టించిన వాళ్లనో, పక్కింటి పెద్దలనో అడగండి. తెలియకపోతే ఈబీ ఆఫీసుకు వెళ్లి చెప్పి, గునపం బదులు పారతో పై పైనే తీయించండి. లారీ తొట్టి ఎత్తేటప్పుడు తలపైన తీగలు ఉన్నాయేమో చూడాలి.

ఎత్తు విషయంలో చాలామంది పొరపడతారు. రోడ్డు పెరిగింది కదా అని వాకిలినంతా రాయితో ఎత్తు చేస్తే నీరు గుమ్మంలోకి వస్తుంది. ఇంటి గచ్చుకు కనీసం ఆరు అంగుళాల కింద కంకర పైభాగం ఉండాలి. 10 అడుగులకు రెండున్నర అంగుళాల వాలు ఇంటి నుంచి బయటికి ఇవ్వండి. 2003 నుంచి తమిళనాడులో వాననీటి గుంత ఇంటికి తప్పనిసరి, దాని నోరు రాయితో మూసుకుపోకుండా చూడండి. వీలైతే వాలును ఆ గుంతవైపే తిప్పండి. మొదటి వానకు కొంత నీరు వీధిలోకి పోకుండా లోపలే ఇంకుతుంది.

తెల్లటి గుండ్రాళ్ల మీద మోజు ఉన్నవాళ్లకు ఒక మాట. ఒక చదరపు అడుగుకు అంగుళం మందాన నాలుగు కిలోల దాకా పడతాయి. 50 కిలోల బస్తా రెండంగుళాలకు ఆరేడు చదరపు అడుగులే వస్తుంది. ఒక మొక్క చుట్టూ అయితే బాగుంటుంది, కారు దారికి వద్దు. గుండ్రాయి చక్రం కింద దొర్లుతుంది, స్కూటర్ జారుతుంది, స్టాండు దిగబడుతుంది. పగలగొట్టిన జల్లి మూలలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వేపచెట్టు కిందైతే ఆకులు ఏరుతూ కూర్చోవాలి, వానాకాలంలో తెల్లరాయి పచ్చగా పాకుడు పడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే గేటు నుంచి గుమ్మం దాకా రెండడుగుల వెడల్పున కడప రాళ్లు పరిపించండి. మా అత్తయ్యగారికి అలా పరిపించాకే వానలో కూడా ఒంటరిగా గేటు దాకా నడవగలుగుతున్నారు.

పని అయ్యాక రెండు బస్తాలు ముక్కాల్ జల్లి పక్కన పెట్టుకోండి. మొదటి పెద్దవాన తర్వాత చక్రాల గాడుల్లో, గేటు దగ్గర రాయి దిగుతుంది. అక్కడ పోసి తొక్కించాలి. ఆ వాన పడుతున్నప్పుడే గొడుగు పట్టుకుని ఒకసారి వాకిట్లోకి వెళ్లి, నీరు ఎటు పోతోందో, ఎక్కడ నిలుస్తోందో చూసుకోండి.